కణ శ్వాసక్రియ

కణ శ్వాసక్రియ అనగా జీవకణాలు ఆహార పదార్థాలలో నిక్షిప్తమై ఉన్న రసాయన శక్తిని అంచెలంచెలుగా వెలికితీసి, తమ పనులకు ఉపయోగపడే రూపంలోకి మార్చుకొనే ప్రక్రియ. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. ఆక్సిజన్ (ప్రాణవాయువు) సహాయంతో జరిగేదానిని వాయు శ్వాసక్రియ అనీ, ఆక్సిజన్ లేకుండా జరిగేదానిని అవాయు శ్వాసక్రియ అనీ అంటారు. రెండింటి ప్రారంభం ఒక్కటే. చివరకు తయారయ్యే శక్తి పదార్థం కూడా ఒక్కటే. దాని పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ. తేడా అంతా ఒకే గ్లూకోజ్ అణువు నుండి ఎంత ఏటీపీ లభిస్తుంది, ఎంత త్వరగా లభిస్తుంది అన్నదానిలోనే ఉన్నది.

కొన్ని జీవులు ఒక పద్ధతి మీదనే ఆధారపడతాయి. కొన్ని మాత్రం పరిస్థితిని బట్టి రెండింటినీ వాడుకుంటాయి. మనిషి రక్తంలో ఒక విధంగాను, దోమ శరీరంలో మరొక విధంగాను శక్తిని సమకూర్చుకొనే మలేరియా పరాన్నజీవి ఇందుకు మంచి ఉదాహరణ. ఈ పరాన్నజీవిని దోమ శరీరంలో మొదటిసారి గుర్తించినది 1897లో సికింద్రాబాదులోని బేగంపేటలో.

ఊపిరి, శ్వాసక్రియ

వాడుకలో శ్వాస అంటే ఊపిరి పీల్చి వదలడం. కణ శ్వాసక్రియ దీనికి భిన్నమైనది. ఊపిరితిత్తులు చేసే పని గాలిలోని ఆక్సిజన్‌ను రక్తానికి అందించి, కార్బన్ డయాక్సైడ్‌ను బయటకు పంపడం వరకే. ఆ ఆక్సిజన్‌ను రక్తం కణాలకు చేర్చిన తరువాత, కణాల లోపల జరిగే రసాయన చర్యలే కణ శ్వాసక్రియ. ఊపిరితిత్తులు లేని మొక్కలు, శిలీంధ్రాలు, బాక్టీరియాలలో కూడా ఈ క్రియ రాత్రింబవళ్ళు సాగుతుంది.

ఏటీపీ

కట్టె కాలినప్పుడు అందులోని శక్తి అంతా ఒక్కసారిగా వేడిగా, వెలుతురుగా బయటపడుతుంది. కణంలో అలా జరిగితే కణమే నశిస్తుంది. కనుక కణం గ్లూకోజ్‌ను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టు వద్ద వెలువడే శక్తిలో కొంత భాగాన్ని ఏటీపీ రూపంలో పట్టుకుంటుంది. ఏటీపీలో మూడు ఫాస్ఫేట్ సమూహాలు వరుసగా ఉంటాయి. చివరి ఫాస్ఫేట్ విడిపోయినప్పుడు విడుదలయ్యే శక్తి కండరం ముడుచుకోవడానికి, నాడీ సంకేతాలు ప్రసరించడానికి, కొత్త అణువుల తయారీకి వినియోగమవుతుంది. మిగిలిన ఏడీపీకి మళ్ళీ ఒక ఫాస్ఫేట్ చేరితే తిరిగి ఏటీపీ అవుతుంది.

శరీరంలో ఏ సమయానికైనా నిల్వ ఉండే ఏటీపీ చాలా తక్కువ. కానీ అదే ఏటీపీ రోజంతా విరిగి మళ్ళీ తయారవుతూ ఉంటుంది. ఒక మనిషి ఒక రోజులో ఇలా తయారుచేసుకొనే ఏటీపీని కూడితే అది దాదాపు అతని శరీరపు బరువుతో పోల్చదగినంత ఉంటుంది. ఈ తయారీ ఆగిపోతే కణం ఎక్కువసేపు బ్రతకలేదు.

ఏటీపీని కనుగొన్నవారిలో తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. ఇతడు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. మద్రాసులో వైద్యవిద్య చదివి, అమెరికాలోని బోస్టన్ చేరాడు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కెతో కలసి 1925లో రక్తం, మూత్రం వంటి ద్రవాలలో భాస్వరాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఇది ఫిస్కె-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెందింది. ఈ పద్ధతి సహాయంతో వారు కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏటీపీని 1929లోను వెల్లడించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు.

అంతవరకు కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే ప్రత్యక్ష కారణమని శాస్త్రజ్ఞులు భావించేవారు. ఫాస్ఫోక్రియాటిన్ ఆవిష్కరణ ఆ అభిప్రాయాన్ని కదిలించింది. లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా నిరోధించినా కండరం కొంతసేపు ముడుచుకోగలదని 1930లో డెన్మార్కుకు చెందిన ఐనార్ లుండ్స్‌గార్డ్ నిరూపించాడు.

మొదటి దశ: గ్లైకాలిసిస్

ఆక్సిజన్ ఉన్నా, లేకున్నా గ్లూకోజ్ విచ్ఛిత్తి మొదలయ్యేది గ్లైకాలిసిస్‌తోనే. ఇది కణద్రవ్యంలో పది మెట్లుగా జరుగుతుంది. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఎంజైము ఉంటుంది. ఆరు కార్బన్ పరమాణువులు గల ఒక గ్లూకోజ్ అణువు, మూడేసి కార్బన్ పరమాణువులు గల రెండు పైరూవిక్ ఆమ్ల అణువులుగా విడిపోతుంది. ఇందులో మొదట రెండు ఏటీపీలు ఖర్చై, తరువాత నాలుగు తయారవుతాయి. అంటే నికరంగా మిగిలేవి రెండు.

ఈ దశలో గ్లూకోజ్ నుండి విడివడిన ఎలక్ట్రాన్లను ఎన్.ఏ.డి. అనే అణువు స్వీకరించి ఎన్.ఏ.డి.హెచ్.గా మారుతుంది. కణంలో ఎన్.ఏ.డి. పరిమితంగా ఉంటుంది. అది తన బరువును ఎక్కడో ఒకచోట దించుకొని ఖాళీగా తిరిగి రాకపోతే గ్లైకాలిసిస్ ఆగిపోతుంది. ఆ బరువును ఎక్కడ దించుతారు అన్నదే వాయు, అవాయు మార్గాల మధ్య ఉన్న అసలు భేదం.

ఆక్సిజన్ లేనప్పుడు

ఆక్సిజన్ లేనప్పుడు కణం ఎలక్ట్రాన్లను పైరూవిక్ ఆమ్లానికి గానీ, దాని నుండి ఏర్పడిన పదార్థానికి గానీ అప్పగిస్తుంది. దీనిని కిణ్వనం లేదా పులియడం అంటారు. ఇందులో అదనంగా ఏటీపీ రాదు. గ్లైకాలిసిస్ కొనసాగడానికి వీలు కలగడమే దీని ప్రయోజనం.

లాక్టిక్ ఆమ్ల కిణ్వనం: పైరూవిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. గోరువెచ్చని పాలలో తోడు వేసినప్పుడు అందులోని బాక్టీరియా చేసే పని ఇదే. ఆ ఆమ్లం వల్ల పాలలోని మాంసకృత్తులు గట్టిపడి పెరుగు తోడుకుంటుంది. ఇడ్లీ పిండిని పులియబెట్టే బాక్టీరియాలలో కొన్ని లాక్టిక్ ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వదులుతాయి. పిండి పుల్లబడటానికి, పొంగడానికి అదే కారణం.

ఆల్కహాల్ కిణ్వనం: పైరూవిక్ ఆమ్లం నుండి కార్బన్ డయాక్సైడ్ వెలువడి, మిగిలినది ఇథైల్ ఆల్కహాల్‌గా మారుతుంది. తాటి, ఈత చెట్ల నుండి తీసిన తియ్యని నీరు పొద్దెక్కేకొద్దీ నురుగు కట్టి కల్లుగా మారడానికి ఈస్టు, మరికొన్ని బాక్టీరియాలు జరిపే ఈ కిణ్వనమే కారణం.

పాఠ్యపుస్తకాలలో కిణ్వనాన్ని అవాయు శ్వాసక్రియగానే చెప్పడం పరిపాటి. అయితే సూక్ష్మజీవశాస్త్రంలో ఈ రెండింటికీ భేదం పాటిస్తారు. కొన్ని బాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులుగా నైట్రేట్, సల్ఫేట్ వంటి పదార్థాలకు ఎలక్ట్రాన్లను అందిస్తాయి. నిజమైన అర్థంలో అవాయు శ్వాసక్రియ అంటే ఇదే. నీరు నిలిచిన వరి మడిలో ఇటువంటి బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చివేస్తుంది. రైతు చల్లిన ఎరువులో కొంత భాగం ఈ విధంగా గాలిలో కలసిపోతుంది. మురుగు చేరిన చెరువుల అడుగు బురదలో సల్ఫేట్‌ను వాడుకొనే బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. కుళ్ళిన గుడ్ల వంటి వాసనకు అదే మూలం.

ఆక్సిజన్ ఉన్నప్పుడు

ఆక్సిజన్ అందుబాటులో ఉంటే పైరూవిక్ ఆమ్లం మైటోకాండ్రియా అనే కణాంగం లోనికి ప్రవేశిస్తుంది. అక్కడ మూడు దశలు జరుగుతాయి.

1. పైరూవిక్ ఆమ్లం ఒక కార్బన్ డయాక్సైడ్‌ను కోల్పోయి, రెండు కార్బన్ పరమాణువులు గల ఎసిటైల్ కో-ఎంజైమ్-ఎ గా మారుతుంది.

2. ఇది క్రెబ్స్ వలయంలో ప్రవేశిస్తుంది. దీనికే సిట్రిక్ ఆమ్ల వలయం అని పేరు. వలయం ఒకసారి తిరిగినప్పుడు రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు వెలువడతాయి. మనం ఊపిరి వదిలినప్పుడు బయటకు వచ్చే కార్బన్ డయాక్సైడ్ చాలా వరకు ఈ రెండు దశలలో పుట్టినదే. గ్లూకోజ్‌లో మిగిలిన శక్తి ఎక్కువ భాగం ఎలక్ట్రాన్ల రూపంలో వాహక అణువులకు చేరుతుంది.

3. మైటోకాండ్రియా లోపలి పొరలో ఉన్న ప్రొటీనుల వరుస ఆ ఎలక్ట్రాన్లను ఒకదాని నుండి మరొకదానికి అందిస్తుంది. దీనిని ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థ అంటారు. ఆ క్రమంలో వెలువడే శక్తితో హైడ్రోజన్ అయాన్లు పొరకు అవతలి వైపుకు తోడబడతాయి. ఆనకట్ట వెనుక నిలిచిన నీరు టర్బైనును తిప్పినట్లు, ఆ అయాన్లు తిరిగి లోనికి వస్తూ ఏటీపీ సింథేజ్ అనే ఎంజైములోని ఒక భాగాన్ని నిజంగానే గిరగిర తిప్పుతాయి. ఆ తిరుగుడు వల్ల ఏడీపీ, ఫాస్ఫేట్ కలసి ఏటీపీ ఏర్పడుతుంది.

వరుస చివర ఎలక్ట్రాన్లను స్వీకరించేది ఆక్సిజన్. అది హైడ్రోజన్ అయాన్లతో కలసి నీరు అవుతుంది. మనం పీల్చే ఆక్సిజన్‌లో అత్యధిక భాగం ఈ ఒక్క పనికే ఖర్చవుతుంది. సైనైడ్ విషం ఈ చివరి మెట్టును అడ్డుకుంటుంది. అందువల్ల రక్తంలో ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నా కణాలు దానిని వాడుకోలేక మరణం సంభవిస్తుంది.

రెండు మార్గాల పోలిక

- ఏటీపీ దిగుబడి: కిణ్వనంలో ఒక గ్లూకోజ్ అణువుకు 2. వాయు శ్వాసక్రియలో సుమారు 30 నుండి 32. పాత పుస్తకాలలో 36 లేదా 38 అని ఉంటుంది. అయాన్ల రవాణాకు అయ్యే ఖర్చును లెక్కలోకి తీసుకున్న తరువాత ఆ సంఖ్య తగ్గింది.
- జరిగే చోటు: కిణ్వనం కణద్రవ్యంలో. వాయు మార్గంలో గ్లైకాలిసిస్ కణద్రవ్యంలోను, మిగిలిన దశలు మైటోకాండ్రియాలోను. బాక్టీరియాలో మైటోకాండ్రియా ఉండవు కనుక కణత్వచమే ఆ పని చేస్తుంది.
- మిగిలే పదార్థాలు: కిణ్వనంలో లాక్టిక్ ఆమ్లం, లేదా ఆల్కహాల్ మరియు కార్బన్ డయాక్సైడ్. వాయు మార్గంలో కార్బన్ డయాక్సైడ్, నీరు.
- వేగం: కిణ్వనం త్వరగా శక్తినిస్తుంది, కానీ గ్లూకోజ్‌ను విపరీతంగా ఖర్చు చేస్తుంది. వాయు మార్గం నిదానమైనది, పొదుపైనది.

ప్రామాణిక పరిస్థితులలో లెక్కిస్తే వాయు మార్గం గ్లూకోజ్‌లోని శక్తిలో సుమారు మూడవ వంతును ఏటీపీగా మారుస్తుంది. కిణ్వనంలో దక్కేది సుమారు రెండు శాతమే. మిగిలిన శక్తిలో ఎక్కువ భాగం ఆల్కహాల్‌లో గానీ, లాక్టిక్ ఆమ్లంలో గానీ వాడబడకుండా ఉండిపోతుంది.

మానవ శరీరంలో

వేగంగా పరుగెత్తేవారి కండరాలలో మొదటి కొన్ని సెకన్లు ఫాస్ఫోక్రియాటిన్ ఏటీపీని భర్తీ చేస్తుంది. ఆ తరువాత రక్తం ఆక్సిజన్‌ను అందించే వేగం చాలక కండరాలు లాక్టిక్ ఆమ్ల మార్గాన్ని ఎక్కువగా వాడుకుంటాయి. ఇలా ఏర్పడిన లాక్టేట్ వ్యర్థం కాదు. గుండె కండరం దానిని ఇంధనంగా వాడుకుంటుంది. కాలేయం దానిని తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. వ్యాయామం చేసిన మరునాడు కలిగే ఒళ్ళునొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమన్న నమ్మకం సరైనది కాదు. అది ఒకటి రెండు గంటలలోనే రక్తం నుండి తొలగిపోతుంది.

మెదడు కణాలు ప్రధానంగా వాయు మార్గం మీదనే ఆధారపడతాయి. అందుకే రక్తప్రసరణ ఆగితే కొద్ది నిమిషాలలోనే మెదడు దెబ్బతింటుంది. ఎర్ర రక్తకణాల సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. శరీరమంతటికీ ఆక్సిజన్‌ను మోసే ఈ కణాలలో మైటోకాండ్రియా ఉండవు. కనుక అవి తాము మోసే ఆక్సిజన్‌ను తమ శక్తికి వాడుకోలేవు. గ్లైకాలిసిస్ ద్వారా వచ్చే ఏటీపీతోనే జీవిస్తాయి.

నీట మునిగిన వరి

నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే ఎన్నో వేల రెట్లు తక్కువ. వరదలో పూర్తిగా మునిగిన వరి మొక్క ఆల్కహాల్ కిణ్వనంతో కాలం గడుపుతుంది. ఆ పద్ధతిలో పిండిపదార్థ నిల్వలు త్వరగా తరిగిపోతాయి. పైగా అనేక రకాలు నీటిపైకి రావడానికి వేగంగా పొడవు పెరిగి, ఉన్న నిల్వలను ఖర్చుచేసుకొని చనిపోతాయి. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకం మాత్రం పెరుగుదలను నిలిపివేసి, నిల్వలను పొదుపు చేసుకొని నీరు తీసేవరకు వేచి ఉంటుంది. దీనికి కారణమైన సబ్-1ఎ జన్యువును 2006లో గుర్తించారు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రంలో రూపొందిన స్వర్ణ రకానికి (ఎం.టి.యు. 7029) ఈ లక్షణాన్ని జోడించగా స్వర్ణ-సబ్1 తయారైంది. ఇది 2009లో భారతదేశంలో విడుదలైంది. సుమారు రెండు వారాల వరకు మునకను తట్టుకుంటుంది.

సికింద్రాబాదు పరిశోధన, మలేరియా పరాన్నజీవి

మలేరియా పరాన్నజీవిని 1880లో ఆల్ఫాన్స్ లావెరాన్ అల్జీరియాలో రోగుల రక్తంలో చూశాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో అప్పటికి తెలియదు. ఇండియన్ మెడికల్ సర్వీసులో వైద్యాధికారిగా ఉన్న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమలను కోసి పరీక్షించే పని చేపట్టాడు. పంఖా గాలికి దోమ భాగాలు చెదిరిపోతాయని ఉక్కపోతలోనే సూక్ష్మదర్శిని ముందు కూర్చొనేవాడు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, హుస్సేన్ ఖాన్ అనే రోగిని నాలుగు రోజుల క్రితం కుట్టిన ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణాలను అతడు చూశాడు. ఆ దోమ మచ్చల రెక్కలు గలది, అనగా అనాఫిలిస్ జాతిది. ఈ పరిశోధనకు గాను రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు.

రాస్ చూసిన నల్లని రేణువులు, పరాన్నజీవి మనిషి రక్తంలో ఉన్నప్పుడు హీమోగ్లోబిన్‌ను జీర్ణించుకోగా మిగిలిన వ్యర్థ పదార్థం. అతడు చూసిన గుండ్రని కణాలను ఊసిస్టులు అంటారు. వాటిలో పుట్టిన వేలాది బీజరూపాలు దోమ లాలాజల గ్రంథులకు చేరి, అది కుట్టినప్పుడు మనిషి శరీరంలో ప్రవేశిస్తాయి.

ఈ రెండు ఆశ్రయాలలోనూ పరాన్నజీవి శక్తిని సంపాదించే తీరు వేరు. ఎర్ర రక్తకణంలో ఉన్నప్పుడు చుట్టూ గ్లూకోజ్‌కు కొదువ లేదు. అందువల్ల అది పొదుపు పాటించదు. గ్లూకోజ్‌ను ప్రధానంగా గ్లైకాలిసిస్ ద్వారానే వాడుకొని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పరాన్నజీవి సోకిన ఎర్ర రక్తకణం మామూలు కణం కంటే ఎన్నో పదుల రెట్లు గ్లూకోజ్‌ను వాడుతుంది. దానికి మైటోకాండ్రియా ఉన్నప్పటికీ, రక్తదశలో ఫాల్సిపారం పరాన్నజీవికి అందలి ఎలక్ట్రాన్ రవాణా ముఖ్యంగా డి.ఎన్.ఎ.కు కావలసిన పిరిమిడిన్ల తయారీకే అవసరమని 2007లో తేలింది.

దోమలో చేరిన తరువాత గ్లూకోజ్ అంత విరివిగా దొరకదు. అప్పుడు మైటోకాండ్రియా పని ముమ్మరమవుతుంది. ఎలుకలకు సోకే మలేరియా పరాన్నజీవిలో ఎలక్ట్రాన్ రవాణాకు చెందిన ఒక ఎంజైమును తొలగించగా, అది రక్తంలో పెరిగింది గాని దోమలో ఊసిస్టులు పక్వం కాలేదని 2011లో వెల్లడైంది. ఏటీపీ సింథేజ్‌ను దెబ్బతీసినప్పుడు కూడా రక్తదశ కొనసాగి, దోమలో జీవితచక్రం ఆగిపోయిందని 2015లో చూపారు. రాస్ చూసిన ఆ గుండ్రని కణాలు పక్వం కావడానికి వాయు శ్వాసక్రియ తప్పనిసరి అని ఈ ప్రయోగాల సారాంశం.

వైద్యంలో ప్రాముఖ్యత

తీవ్రమైన ఫాల్సిపారం మలేరియాలో రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగిపోవడం ప్రమాద సూచన. రక్తద్రవంలో లాక్టేట్ లీటరుకు 5 మిల్లీమోల్‌లు లేదా అంతకు మించితే తీవ్ర వ్యాధి లక్షణంగా పరిగణిస్తారు. పరాన్నజీవులు వదిలే ఆమ్లం దీనికి ఒక కారణం. వ్యాధి సోకిన కణాలు సన్నని రక్తనాళాలను మూసివేయడం వల్ల ఆక్సిజన్ అందక రోగి సొంత కణాలే అవాయు మార్గం పట్టడం మరొక కారణం. గ్లూకోజ్ తరిగిపోవడం వల్ల రోగి స్పృహ కోల్పోయే అవకాశం కూడా ఉన్నది.

అదే కిణ్వనం రోగనిర్ధారణకు సాయపడుతున్నది. పైరూవిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చే పరాన్నజీవి ఎంజైము, మనిషి ఎంజైముకు కొంత భిన్నంగా ఉంటుంది. వేలి నుండి తీసిన రక్తపు చుక్కతో నిమిషాలలో ఫలితం చూపే మలేరియా పరీక్ష పట్టీలలో కొన్ని ఈ ఎంజైమునే గుర్తిస్తాయి. ప్రయోగశాల అందుబాటులో లేని మన్యం గ్రామాలలో ఇటువంటి పరీక్షలు చాలా ఉపయోగకరం.

అటోవాక్వోన్ అనే మందు పరాన్నజీవి మైటోకాండ్రియాలోని ఎలక్ట్రాన్ రవాణాను అడ్డుకుంటుంది. దీనికి లొంగని పరాన్నజీవులు పుట్టడం సమస్య అయింది. అయితే ఆ నిరోధకతను కలిగించే మార్పు మైటోకాండ్రియాను బలహీనపరుస్తుందనీ, ప్రయోగాలలో అటువంటి పరాన్నజీవులు దోమల ద్వారా వ్యాపించలేకపోయాయనీ 2016లో ప్రకటించారు. రక్తంలో కిణ్వనంతో నెగ్గుకొచ్చిన పరాన్నజీవి, ఆక్సిజన్‌తో శక్తిని పొందవలసిన దోమలో ఓడిపోతుంది.

పరిశోధనలో ముఖ్య ఘట్టాలు

- 1857: కిణ్వనం జీవుల వల్ల జరిగే క్రియ అని లూయీ పాశ్చర్ ప్రకటించాడు.
- 1897: జీవించి ఉన్న ఈస్టు కణాలు లేకుండా, వాటి రసంతోనే కిణ్వనం జరుగుతుందని ఎడ్వర్డ్ బుక్నర్ చూపాడు. ఇది రాస్ సికింద్రాబాదులో పరిశోధన చేసిన సంవత్సరమే.
- 1929: ఫిస్కె, సుబ్బారావు, విడిగా లోమాన్ ఏటీపీని కనుగొన్నారు.
- 1937: హాన్స్ క్రెబ్స్ సిట్రిక్ ఆమ్ల వలయాన్ని ప్రతిపాదించాడు. 1953లో ఇతనికి, ఫ్రిట్జ్ లిప్‌మన్‌కు నోబెల్ బహుమతి లభించింది.
- 1941: కణాలలో శక్తి మారకానికి ఏటీపీ కేంద్రమని లిప్‌మన్ వివరించాడు.
- 1961: హైడ్రోజన్ అయాన్ల ప్రవాహమే ఏటీపీ తయారీకి ఆధారమని పీటర్ మిచెల్ ప్రతిపాదించాడు. 1978లో నోబెల్ బహుమతి పొందాడు.
- 1997: ఏటీపీ సింథేజ్ పనితీరును వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు నోబెల్ బహుమతి లభించింది.
- 2019: కణాలు ఆక్సిజన్ లభ్యతను గుర్తించి సర్దుకొనే విధానాన్ని కనుగొన్న విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు నోబెల్ బహుమతి లభించింది.